నీలికొండ మందు పెరుగు

ఆరుద్ర కార్తె, సోమవారం

సెంటరు వారు రోజూ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఊపిరి ఎంత ఉంది, ఒళ్లు వెచ్చబడిందా, మా ఆయన పెరుగు తిన్నాడా లేదా, ఇవన్నీ గోడకున్న యంత్రం తనంతట తనే కిందికి పంపుకుంటుంది. ఇక నేను రాసేదేమిటని అడిగితే "ఇంట్లో మనిషి మాటల్లో కూడా ఉండాలమ్మా" అంది డాక్టరు తరణి. ఎవరైనా చదువుతారో, చెవిటివాడి ముందు శంఖం ఊదడమో తెలియదు. పాతికేళ్లు బడిలో తెలుగు చెప్పిన ప్రాణం, రాయమంటే ఊరుకోదు.

నా పేరు దేవుడమ్మ. మా ఆయన పోలినాయుడు. బూడిద కురిసిన ఏళ్లలో అందరూ తలుపులు బిగించుకుని కూర్చుంటే ఈయన నీళ్ల ట్యాంకరు వేసుకుని వీధి వీధికీ తిరిగాడు. ఊరి దాహం తీరింది, ఈయన ఊపిరితిత్తులు మసిగుడ్డలయ్యాయి. ఎవరో చనిపోయిన మనిషివి తీసి సెంటరులో కొత్తగా పెట్టారు. పెట్టించుకున్నవాళ్లంతా ఈ నీలికొండ మీద కాలనీలోనే ఉండాలి. కింద గాలి ఇంకా కుదుటపడలేదు.

పొద్దున్నే నా పని గాలి తలుపులు తుడవడంతో మొదలవుతుంది. మొదటి తలుపు దాటి చేతులు కడిగి, ముక్కుగుడ్డ మార్చుకుంటే గానీ రెండో తలుపు తెరుచుకోదు. తర్వాత నీళ్లు మరగకాచాలి. పచ్చిది ఏదీ పెట్టకూడదు. ఇంట్లో పూలు ఉండకూడదు, మట్టి ఉండకూడదు, పిల్లి ఉండకూడదు. పంపరపనస మందుకు పడదట, పేరెత్తితే సెంటరు వారికి జ్వరం వస్తుంది. ఇన్ని లేకుండా బతకడం కూడా బతుకేనా అంటే, ఊపిరాడడం బతుకే. రెండూ చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక మందు పెరుగు. వెనకటి రోజుల్లో గుప్పెడు మాత్రలు మింగేవాళ్లట, చేతులు వణికేవట, మూత్రపిండాలు పాడయ్యేవట. ఇప్పుడు ఆ బాధ లేదు. ఇంటికి పంపేటప్పుడు చిన్న కుండలో చేమిరి ఇస్తారు. అది ఆ మనిషికి పెట్టిన ఊపిరితిత్తుల కోసమే పెంచిన చేమిరి. రోజూ పాలు గోరువెచ్చగా చేసి దాంతో తోడేసుకోవాలి, మర్నాడు గిన్నెడు తినాలి, చెంచాడు మిగిల్చి మళ్లీ తోడేయాలి. 'ఇవి నీవే, పరాయివి కావు' అని ఆ పెరుగు ఒంటికి పూటపూటా నచ్చజెబుతుంది. మానేస్తే ఒళ్లు తిరగబడి వచ్చినవాటిని వెళ్లగొడుతుంది.

తిన్నాక గొట్టంలోకి ఊదాలి. లోపలి ఎర్ర బంతి ఏ గీత దాకా లేస్తే అంత ఊపిరి ఉన్నట్టు. ఈయనది ఎప్పుడూ ఆరో గీత. ఇవాళ కాస్త కిందనే ఆగింది.

"గొట్టంలో తేడా ఉన్నాదే" అన్నాడు. సరే, గొట్టం కడిగాను.

పునర్వసు కార్తె, గురువారం

ఎదురింటి సరోజినమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. ఆవిడకూ మార్పిడి జరిగింది, ఈయన కంటే ముందే. నన్ను వదినా అంటుంది, ఈయన్ని అన్నియ్యా అంటుంది.

"కరెంటు పోయినాది గదొదినా, మా పెరుగు ఇరిగిపోనాది. పిసరంత చేమిరెట్టు."

"ఎవరి పెరుగు వారిదే" అని సెంటరు వారు ప్రతి వంటగది గోడకూ పెద్ద అక్షరాలతో అంటించారు. ఆ కాగితం మీద ఇప్పుడు పోపు చిట్లిన మరకలున్నాయి. పాలు కొంటాం, నెయ్యి కొంటాం. చేమిరి కొన్న ఇల్లాలిని నేనైతే చూడలేదు. అది పక్కింట్లో అడగాల్సిందే, అడిగితే పెట్టాల్సిందే. పైగా ఈ మందు పెరుగు ఒక్కోసారి నీళ్లలా ఉంటుంది, పుల్లగా ఉంటుంది. ఎవరింట్లో గడ్డగా తోడుకుంటే అక్కడి నుంచి చెంచాడు తెచ్చి కలుపుకోవడం కాలనీలో మామూలే. ఈయనకైతే సరోజినమ్మ పెరుగు తగిలితే గానీ ముద్ద దిగదు.

నేను ఒకసారి ఆ గోడకేసి చూసేసరికి లోపల్నుంచి ఈయన అందుకున్నాడు.

"ఏటే ఆలోసిస్తన్నావు? పెట్టీయ్. ఆడకూతురు గుమ్మంలో నిలబడిపోనాది."

తాను దూర కంత లేదు, మెడకో డోలు అంటారే, ఈయన దానధర్మాలన్నీ ఆ మాదిరివే. పెట్టాను. సరోజినమ్మ పోతూ పోతూ చివరింటి కూర్మారావు మీద పడింది. ముందు ఆయన్నే అడిగిందట. తలుపు కూడా తియ్యకుండా "నాకు అలవాటు లేదు" అన్నాడట. ఆయన ఒకరికి ఇవ్వడు, ఒకరి దగ్గర పుచ్చుకోడు. "పైకి పోయినపుడు మోసుకుపోతాడు కాబోలు" అంది సరోజినమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం.

పుష్యమి కార్తె, ఆదివారం

బంతి ఐదో గీత దాటడం లేదు. స్నానం చేసి వచ్చి మంచం మీద కూలబడి చొక్కా వేసుకోవడానికి కూడా ఆగుతున్నాడు. దగ్గు పొడిగా, ఏదో గీరుకున్నట్టు వస్తోంది.

గోడ యంత్రంలో డాక్టరు తరణి కనిపించి, పెరుగు రెండు గిన్నెలు తినమంది. తింటున్నాడు. సరోజినమ్మకూ రెండు గిన్నెలే చెప్పారట. ఆ పక్క వరసలోనూ అదే కథ. కాలనీ అంతా గాలిని వడగట్టే జల్లెళ్ల మీద పడింది. జల్లెళ్లు నాసిరకమని, మార్చమని, పెద్దలంతా వెళ్లి కొండ మేనేజరును నిలదీశారు. మార్చారు. బంతులు మాత్రం లేవలేదు.

కూర్మారావు ఒక్కడే మెట్లెక్కి దిగుతున్నాడు. "పాపీ చిరాయువు" అన్నాను నేను. ఈయన నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేసరికి పెదాలు నీలంగా తిరిగాయి. నాకు నా నోటి మీదే కోపం వచ్చింది.

ఆశ్లేష కార్తె, మంగళవారం

నిన్న కిందికి, సెంటరుకు తీసుకెళ్లాను. గొంతులోంచి గొట్టం వేసి లోపల చూశారు, పిసరంత ముక్క తీశారు. మా పెరుగు కుండ కూడా తెమ్మన్నారు. ఎందుకా అనుకున్నాను.

ఇవాళ ఈయన్ని బయట కూర్చోబెట్టి డాక్టరు తరణి నన్నొక్కదాన్నే లోపలికి పిలిచింది. చిన్న వయసు. కళ్ల కింద నల్లగా ఉంది.

"అమ్మా, ఈ కుండలో మీవారి చేమిరి దాదాపు లేదు."

"మరేముంది?"

"కాలనీ ఉంది. పదిమంది చేమిరులు కలిసిపోయి ఇంకేదో అయింది. చూడ్డానికి పెరుగే, రుచికి పెరుగే. అది ఆయన ఒంటికి చెప్పాల్సిన మాట చెప్పడం లేదు. ఎవరి ఊపిరితిత్తుల గురించీ చెప్పడం లేదు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వు వచ్చింది. పిచ్చి నవ్వు. ఆ అమ్మాయి మంచినీళ్లు ఇచ్చింది.

"మీ దగ్గర మొదటి చేమిరి ఉంటుంది కదా, అది ఇవ్వండి" అన్నాను.

"ఏడాది దాకా చల్లగదిలో దాస్తామమ్మా. ఆ తర్వాత ఇంట్లోదే నిలబడుతుందని తీసేస్తాం. తీసేసేవాళ్లం. నిన్నటి నుంచి ఆపించాను."

"పాతకాలపు మాత్రలు?"

"చేసేవాళ్లు లేరు."

"ఇంకోసారి మార్పిడి?"

తల అడ్డంగా ఊపింది. ఈయన ఒళ్లు ఇంకోసారి ఒప్పుకోదట. ఇప్పటికే మచ్చకట్టిన భాగం తిరిగి రాదట. ఆయన అసలు చేమిరి ఒక్క చుక్క ఎక్కడైనా కలవకుండా మిగిలి ఉంటే, దాన్ని పెంచి, ఊపిరి జారడం ఇక్కడితో ఆపవచ్చట. మానేయడం కంటే ఉన్న పెరుగే తినడం మేలట, కొన్నాళ్లు.

"కొన్నాళ్లంటే?" అని నేను అడగలేదు. బయటికి వచ్చేసరికి ఈయన పక్క బల్ల మీద ఎవరికో తన దుప్పటి కప్పుతున్నాడు.

మఖ కార్తె, శుక్రవారం

ఈయనతో చెప్పాను. దాచడం నాకు చేతకాదు. చాలాసేపు గోడ మీది కాగితం చూస్తూ కూర్చున్నాడు.

"మంచికే గదే పెట్టినాం" అన్నాడు.

"మంచికే పెట్టాం."

"మరేటిలాగయిపోనాది?"

కాలనీ అందరికీ కూడా నేనే చెప్పాల్సి వచ్చింది, సెంటరు వారు గోడల మీద చెబితే ఎవరూ నమ్మలేదు. చెప్పాక చూడాలి. నీ వల్లంటే నీ వల్లన్నారు. నిన్నటిదాకా గిన్నెలు చేతులు మార్చుకున్న ఆడవాళ్లు ఆ గిన్నెలు ఎవరివి వాళ్లకు విసిరేసుకున్నారు. సరోజినమ్మ మాత్రం నా దగ్గరకొచ్చి కూర్చుని, "వదినా, నానే గదా నిన్ను అడిగినాను" అని ఏడ్చింది. అన్నియ్య పెరుగు చెడింది తన వల్లే అనుకుంటోంది. ఆవిడ పెరుగు చెడింది మా వల్లే అని నేననుకుంటున్నాను. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియలేదు.

ఆ కోపంలో చివరింటికి వెళ్లాను. కూర్మారావు ఇవాళ తలుపు తీశాడు.

"మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"ఏమి తెలియాలండీ?"

"కలిపితే చెడుతుందని. అందుకేనా మీరు ఎవరికీ ఇవ్వంది?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకేం తెలీదండి. నాకు ఒకళ్ల ఎంగిలి చెంచా అంటే చిన్నప్పట్నుంచీ వాంతి. మా అమ్మ ఎంగిలి కూడా ముట్టీవాణ్ని కాదు."

అంతే. పెద్ద తెలివీ కాదు, చదువూ కాదు. ఎంగిలి పట్టింపు ఒకణ్ణి నిలబెట్టింది, పెట్టే చేయి మిగతా అందర్నీ ముంచింది. దేవుడనేవాడు ఉంటే ఈ లెక్క ఏ బడిలో నేర్చుకున్నాడో నాకు చెప్పాలి.

పుబ్బ కార్తె, బుధవారం

ఒక ఆశ కనిపించింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఇంకా ఎవరి దగ్గరా పుచ్చుకోకముందు, ఈయన ఒకరికి చేమిరి పెట్టాడట. చినసన్యాసి అని, పక్క వరసలో ఉండేవాడు, తర్వాత సెంటరు వారు ఒప్పుకుంటే అరకు కొండల మీద కొడుకు దగ్గరకు వెళ్లిపోయాడు. అతను దాన్ని వేరే కుండలో వేసుకుని ఉంటే, ఈయనది ఈయనదిగా ఇంకా అక్కడ ఉంటుంది.

కబురు పెట్టించడానికి రెండు రోజులు తల కొట్టుకున్నాను. ఆ రెండు రోజులూ ఈయన ఎర్ర బంతి వైపు చూడలేదు, వాకిట్లోకే చూశాడు. అరకులో ఏదో మంచి నీళ్లుంటాయని, చేమిరి అక్కడ ఇంకా బాగా పెరిగి ఉంటుందని కబుర్లు చెప్పాడు. నేనూ ఊఁ కొట్టాను. ఊఁ కొడుతూ కొడుతూ నమ్మేశాను.

ఇవాళ అతని కోడలు మాట్లాడింది. "మావయ్య పోయిన వానాకాలమే పోయారండి. ఆ మందు పెరుగు ఆయనతోనే ఆపేశాం. కుండ కూడా గోడవతల పారబోశాం."

"ఎవరికైనా పెట్టారా అమ్మా, పోయేముందు?"

"మా వీధిలో ఎవరికవసరమండీ అది."

ఈయనకు చెప్పాను. "పోన్లే" అన్నాడు. కాసేపటికి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఉత్తర కార్తె, శనివారం

సరోజినమ్మ పోయింది. పొద్దున్న ఊదుతూ ఊదుతూ గొట్టం పక్కన పెట్టి, "ఇక సాలు" అందట.

ఈయనది రెండో గీత. మంచం పక్కన గాలి సీసా పెట్టారు, ముక్కుకు ముసుగు ఉంది. అది తీస్తే నాలుగు మాటలు, అయిదో మాటకు రొప్పు. అయినా పెరుగు తోడేసేటప్పుడు కుండ దగ్గరకు తెమ్మంటాడు. వేలితో పాల వేడి చూస్తాడు. ఈ పెరుగు పనికిరాదని తెలిసి కూడా ఎందుకు చూస్తావని అడగాలనుకున్నాను. నేనెందుకు తోడేస్తున్నానో నాకు తెలిస్తే కదా.

అన్నం పెడితే రెండు ముద్దలు. నాకు బాగా కోపంగా ఉంటోంది. గిన్నెలు గట్టిగా పెడుతున్నాను. అరుద్దామంటే ఎదుట ఎవరూ లేరు.

హస్త కార్తె, సోమవారం

సరోజినమ్మ ఇంట్లోకి కొత్తవాళ్లు వచ్చారు. తల్లీ కూతురూ. తల్లి పేరు లలితకుమారి, కూతురు వసుధ. ఆ పిల్లకు వానాకాలం మొదట్లో మార్పిడి జరిగిందట. కాలేజీ చదువు మధ్యలో ఆగిపోయింది. పిల్ల వరండాలో తీగకు బట్టలు ఆరేస్తుంటే ఈయన కిటికీలోంచి చూశాడు.

"సెయ్యెత్తి ఆరేస్తన్నాది సూడే" అన్నాడు. రెండు చేతులూ పైకెత్తి, రొప్పకుండా బట్టలు ఆరెయ్యడం. ఆ మాత్రానికే ఈయన ముఖం విప్పారింది.

డాక్టరు తరణికి మాట్లాడాను. వసుధ చేమిరి చల్లగదిలో భద్రంగా ఉందని, వాళ్లకు అంతా చెప్పే పంపామని అంది. మూడు నాలుగు రోజులు పెరుగు తప్పినా కొంప మునగదట, వేరేది ఒక్క చెంచా కలిసిందంటే ఒంట్లోంచి వెనక్కి తీయలేమట. "మీరూ ఒక కన్నేసి ఉంచండమ్మా" అంది. అలాగే అన్నాను.

చిత్త కార్తె, గురువారం

తుపాను. కరెంటు లేదు. కొండ చరియ విరిగిపడి కింది దారి మూసుకుపోయింది. గాలి సీసాలు రెండు ఎక్కువ తెచ్చి పెట్టుకున్నాను కాబట్టి సరిపోతోంది. గోడ యంత్రం చచ్చిపోయి ఉంది, అందుకే ఇవాళ్టికి ఈ రాత ఒక్కటే.

మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడు లలితకుమారి వచ్చింది. గాలి తలుపు దగ్గర తడిసిన చీరతో, చేతిలో గిన్నెతో.

"తోడేసే పెట్టెలో వేడి పోయి పెరుగు విరిగిపోయిందండీ. నిన్నా తినలేదు, ఇవాళా తినలేదు. దారి లేదంటున్నారు. పిల్ల బెంబేలెత్తిపోతోంది. ఒక్క చెంచాడు పెట్టండి చాలు."

"డాక్టరమ్మ చెప్పలేదా మీకు?"

"చెప్పారండీ. మామూలు రోజుల మాట అది. ఇది ప్రాణం మీదికొచ్చిన మాట కదా."

రెండు రోజులకు ఏమీ కాదని చెప్పాను. దారి తియ్యగానే సెంటరు నుంచి వసుధది వసుధకు వస్తుందని చెప్పాను. మా పెరుగు వల్ల ఏమైందో ఆ మంచం మీద చూడమని కూడా చెప్పాను. ఆవిడ చూడలేదు. చూస్తే తన కూతురు అక్కడ పడుకున్నట్టు కనిపిస్తుందేమో. గిన్నె రెండు చేతులతో ముందుకు పట్టుకుని అలాగే నిలబడింది.

"మీ బిడ్డయితే ఇలాగే మాట్లాడతారా అమ్మా? ఒక్క చెంచాడు. కాళ్లు పట్టుకుంటాను."

నా వెనకే బల్ల మీద కుండ ఉంది. నిండుగా ఉంది, మూత కూడా సరిగా లేదు. అబద్ధం ఎందుకు, నా చేయి దాని మీదికి పోయింది. తెలిసి కూడా పోయింది. ఒక తల్లి గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడితే చేతికి వేరే పని తెలియదు.

అప్పుడు ఈయన ముసుగు తీశాడు. గాలి బుస్సుమంది. మోచేతి మీద లేచాడు, ఎలా లేచాడో.

"నేదమ్మా" అన్నాడు. "మా ఇంట్లో... నేదు."

పెళ్లయిన నాటి నుంచీ ఈ మనిషి నోట ఆ మాట వినలేదు. బియ్యం లేకపోయినా నిండుకున్నాయనేవాడు. ట్యాంకరులో నీళ్లు అయిపోతే, ఇదిగో ఇప్పుడే తెస్తాననేవాడు.

లలితకుమారి కుండను చూసింది. ఈయన్ని చూసింది. మళ్లీ కుండను చూసింది.

"ఎదురుగా పెట్టుకుని లేదంటారా. మనుషులేనా మీరు?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. కొంగుతో గిన్నె తుడుచుకుని వానలోకి వెళ్లిపోయింది.

ముసుగు నేనే పెట్టాను. సీసా పూర్తిగా తిప్పినా పోయిన ఊపిరి తిరిగి రాలేదు. చాలాసేపు నా చేయి పట్టుకున్నాడు. ముసుగులోంచే ఏదో అన్నాడు, చెవి దగ్గర పెట్టి విన్నాను.

"ఆ యమ్మ మొకం... సూసినావేటే?"

"చూశాను."

కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే తుడిచాను. నాకు ఏడుపు రాలేదు. ఈయన్ని ఎత్తుకోవాలనిపించింది.

చిత్త కార్తె, శనివారం

నిన్న సాయంత్రం ఈయన పోయాడు. వాన ఆగాక.

పొద్దున దారి తీశారు. సెంటరు వ్యాను ఒక్కటే వచ్చింది. అందులోనే వసుధ చేమిరి చల్లపెట్టెలో వచ్చింది, అందులోనే ఈయన్ని తీసుకెళ్లడానికి బల్ల వచ్చింది. డాక్టరు తరణి కూడా వచ్చింది. ముందు ఎదురింటికి వెళ్లి వసుధ చేత ఊదించింది. ఆ పిల్లకు ఏమీ కాలేదు, బంతి పై గీతకు కొట్టుకుందట.

కాలనీలో మిగిలినవాళ్లంతా మా వాకిట్లోకి వచ్చారు, కూర్మారావు సహా. లలితకుమారి రాలేదు. ఈయన్ని ఎత్తేటప్పుడు ఒకసారి కిటికీ తెర పక్కకు జరిపి చూసి, మళ్లీ వేసేసింది.

"నేను వెళ్లి ఆవిడకు చెప్పనా అమ్మా?" అని అడిగింది డాక్టరు తరణి. "ఆయన ఎందుకు లేదన్నాడో నేను వివరంగా చెబితే అర్థం చేసుకుంటుంది. పాపం, ఆయన గురించి తప్పుగా అనుకుంటోంది."

నేను వద్దన్నాను. చెబితే ఏడుస్తుంది. ఏడ్చి నా దగ్గరికి వస్తుంది, వదినా అంటుంది, ఒంటరిదాన్నని కూరో నారో తెచ్చి పెడుతుంది. ఆ గిన్నె ఉత్తిది ఎలా తిరిగి ఇస్తానని నేనేదో వేసి ఇస్తాను. ఆ తర్వాత గిన్నె పక్కింటికి, ఆ పక్కింటికి, ఒకనాటికి చేమిరి కూడా. నాకు మా సంగతి తెలుసు.

మా ఆయన్ని రోజూ తిట్టుకుంటూ, మా గుమ్మం తొక్కకుండా ఆ పిల్లను బతికించుకోనీ. తిట్టుకోనీ.